మే తొమ్మిదో తారీకు

రెండో అప్పీలుకు ఇంక పందొమ్మిది రోజులే గడువుందని పార్థసారథి గారు చెప్పేసరికి, రోహిణి చేతిలోని ఫైలును గుండెకు అదుముకుని కుర్చీ అంచున కూర్చుండిపోయింది.

దుర్గ్‌లో మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయం అది. పార్థసారథి గారు పటాలంలో గుమాస్తాగా చేసి రిటైరై, అక్కడ అర్జీల పని చూస్తున్నారు. రోహిణి భర్త ధర్మారావు పటాలంలో లారీ డ్రైవరు. ఆరేళ్ల కిందట, ఎనభై ఎనిమిదిలో, శ్రీలంకలో జాఫ్నా దగ్గర దారిలో మందుపాతర పేలి లారీ ఎగిరిపడింది. పక్కన కూర్చున్న మనిషి అక్కడికక్కడే పోయాడు. ధర్మారావు బతికాడు గానీ రెండు చెవులూ పోయాయి. కొన్నాళ్లు చూసి ఇంటికి పంపించేశారు. వైకల్య పింఛను వస్తే సైనిక ఆసుపత్రిలో వైద్యం, చెవులకు మంచి మిషన్లు కూడా వస్తాయని అర్జీ పెట్టుకున్నాడు. అది తిరిగొచ్చింది. మొదటి అప్పీలూ తిరిగొచ్చింది. రెండింటిలోనూ ఒకటే మాట: చెవుడు యుద్ధంలో తగిలిన దెబ్బ వల్ల వచ్చిందనడానికి ఆధారం లేదు, అతను చెప్పిన జూన్ నెలలో మద్రాసు సైనిక ఆసుపత్రి రిజిస్టరులో అతని పేరే లేదు.

“కాగితం దొరకనప్పుడు మనిషి దొరకాలమ్మా,” అన్నారు పార్థసారథి గారు. “ఆ రోజు కళ్లారా చూసినవాడు ఒక్కడు చాలు. అఫిడవిట్ నేను రాయిస్తాను.”

భిలాయిలో, ఖుర్సీపార్‌లో ఇంటి ముందే ధర్మారావు సైకిలు రిపేరు కొట్టు. రోహిణి బస్సు దిగి తిన్నగా కొట్లోకి వెళ్లి, ఇద్దరూ మాట్లాడుకునే పలక తీసి, ఆ రోజు నిన్ను ఎవరు చూశారని రాసింది. ఎప్పుడడిగినా అతను ఆ రోజు సంగతి దాటేసేవాడు. ఆమె పలక దించకుండా అలాగే నిలబడింది. అతను చేతులకున్న గ్రీజు తుడుచుకుని, నోరు విప్పాడు.

కట్లు కట్టినవాడు ఒకడున్నాడట. వైద్యదళం మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ధర్మారావు జేబులోని ఉత్తరం మీద చిరునామా చూసి ఏదో గబగబా చెప్పాడట. ఇతనికి ఒక్క ముక్కా అందకపోతే, పెన్ను తీసి ఇతని అరచేతిలో తెలుగులో రాశాడట: మాదీ భిలాయే. ఆ తర్వాత హెలికాప్టరు ఎక్కించడం, మద్రాసు, అంతా మసక మసగ్గా గుర్తుంది.

ఆ మనిషి పేరేమిటని రోహిణి రాసింది.

“పేరు సెప్పే ఉంటాడు,” అన్నాడు ధర్మారావు. “నాకినబడితే గదా.”

రోహిణికి ఆ సాయంత్రం అన్నం సయించలేదు. దిగులుతో కాదు, ఆత్రంతో. భిలాయి మనిషి, తెలుగు మనిషి, క్రైస్తవుడు. ఊరు పెద్దదే కావచ్చు, తెలుగు చర్చిలు ఎన్నుంటాయి గనక? మర్నాటి నుంచి అడిగి, అడిగి లెక్క తేల్చింది. దగ్గర్లో మూడు.

మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక చర్చిలో, పరుగున వెళ్లి ఇంకో చర్చిలో పాస్టరు గార్ల అనుమతితో లేచి నిలబడి అడిగింది. వాళ్లంతా ఆదరంగా విన్నారు, ప్రార్థన చేస్తామన్నారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ వారమంతా మూడో చర్చి గురించే ఆలోచించింది. అక్కడా దొరక్కపోతే ఇంక వెతకడానికి చోటు లేదు.

రెండో ఆదివారానికి ఏడు రోజుల గడువు మిగిలింది. మూడో చర్చి సెక్టర్ ఆరులో. ఈసారి ధర్మారావును కూడా వెంటబెట్టుకెళ్లి పక్కన నిలబెట్టుకుంది. జరిగింది చెప్పి, ఆ మనిషి ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పమని అడిగింది. ఎవరూ కదల్లేదు. ఆమె కూర్చోబోతుంటే, ఆడవాళ్ల వైపు చివరి వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. పేరు డైసీ, ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది.

“ఆ అబ్బాయికి ఎడమ కనుబొమ్మ మీద గాటుందేటమ్మా?”

రోహిణి పలక మీద ఆ ప్రశ్న రాస్తుంటే సుద్దముక్క విరిగిపోయింది. ధర్మారావు చదివి, ఆమె వైపు కాకుండా డైసీ వైపు చూస్తూ తలాడించాడు. కనుబొమ్మను రెండుగా చీల్చినట్టు ఉండేదని వేలితో తన నుదుటి మీద గీసి చూపించాడు.

“మా తమ్ముడే. విన్సెంటు,” అంది డైసీ. “కుమ్హారిలో మందుల షాపు పెట్టుకున్నాడు. పదండి, ఎల్దుం.”

చర్చి బయటే టెంపో ఎక్కారు ముగ్గురూ. దారిపొడవునా డైసీ తమ్ముడి కబుర్లు చెబుతూనే ఉంది. రోహిణికి సగం చెవికెక్కలేదు. టెంపోవాడు సవారీల కోసం ఆపిన ప్రతిచోటా దిగి తోయాలనిపించింది.

విన్సెంట్ షాపులో ఒక్కడే ఉన్నాడు. అక్క చెప్పిందంతా విని, కళ్లజోడు సవరించుకుని ధర్మారావును ఎగాదిగా చూశాడు. మొహమాటంగా, చాలామందికి కట్లు కట్టానమ్మా, గుర్తు రావడం లేదన్నాడు. రోహిణి ప్రాణం ఉసూరుమంది. అప్పుడు ధర్మారావు ముందుకొచ్చి, కుడి అరచెయ్యి చాపి, దాని మీద ఎడమచేతి వేలితో మెల్లగా అక్షరాలు దిద్దాడు. మా. దీ. భి. లా.

విన్సెంట్ కౌంటరు చెక్కను పైకెత్తి ఇవతలికి వచ్చేశాడు.

“నువ్వు బతికే ఉన్నావా?” అన్నాడు, ధర్మారావును రెండు భుజాలూ పట్టుకుని. “సెవుల్లోంచి ఆ రగతం సూసి, మద్రాసు దాకా కూడా ఎల్లవనుకున్నాను. ఇంటికొచ్చాక మీవోళ్లని ఎతకడానికి కూడా మనసొప్పలేదు.”

ధర్మారావుకు ఒక్క మాట వినబడకపోయినా అంతా తెలిసినట్టే ఉంది. డైసీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

రోహిణి ఫైలు తెరిచింది. విన్సెంట్ కాగితాలు చదువుతూ ఒకచోట ఆగాడు. “జూనేటి? జూన్ కాదు. మే తొమ్మిది.” అంత కచ్చితంగా ఎలా చెప్పగలరని రోహిణి అడిగింది. అతను లోపలికి వెళ్లి, నలిగిపోయిన ఒక టెలిగ్రాం తెచ్చాడు. కూతురు జూడీ పుట్టిందని ఇంటి నుంచి వచ్చిన టెలిగ్రాం. అది చేతికందిన పూటే ధర్మారావును స్ట్రెచరు మీద తెచ్చారట. దాన్ని జేబులో పెట్టుకునే కట్లు కట్టాడట.

రోహిణి ఆ తారీకు పలక మీద రాసి చూపించింది. ధర్మారావు నుదురు కొట్టుకున్నాడు. స్పృహ లేని రోజులు ఎన్నో తనకే తెలియక, అర్జీలో జూన్ అని రాసింది తనే. అడిగిన నెలే తప్పయితే రిజిస్టరులో పేరు ఎలా దొరుకుతుంది?

సోమవారం పొద్దున్న ఆఫీసు తాళం తీసేసరికి నలుగురూ మెట్ల మీద ఉన్నారు. పార్థసారథి గారు అఫిడవిట్ టైపు చేయించి, సరైన తారీకు వేసి మద్రాసు ఆసుపత్రికి తంతి కొట్టారు. గురువారం జవాబొచ్చింది. మే పదో తారీకు పేజీలో లాన్స్ నాయక్ ధర్మారావు, పేలుడు వల్ల రెండు కర్ణభేరులూ చిరిగినవి. పార్థసారథి గారు ఆ ముక్క పైకి చదివి, కుర్చీలోంచి లేచి ధర్మారావుకు సెల్యూట్ కొట్టారు. అప్పీలు గడువుకు మూడు రోజుల ముందే రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది.

మూడు నెలలకు జబల్‌పూర్ సైనిక ఆసుపత్రిలో మెడికల్ బోర్డు ముందుకు రమ్మని పిలుపొచ్చింది. విన్సెంట్ షాపు మూసి మరీ వెంట వచ్చాడు. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, ఈ చెవుడు యుద్ధంలో దెబ్బ వల్లే కలిగిందని రాసిచ్చారు. పింఛను మంజూరైన ఉత్తరం చలికాలంలో అందింది. రోహిణి దాన్ని కొట్టు ముందు నిలబడి చదివింది, ఇరుగుపొరుగు అడిగితే మళ్లీ చదివింది, డైసీ వస్తే ఇంకోసారి చదివింది.

చెవి మిషన్ల కోసం మళ్లీ జబల్‌పూర్ వెళ్లారు. ఈసారి ఇద్దరే. టెక్నీషియను రెండు చెవులకూ అమర్చి, చిన్న చక్రం తిప్పుతూ ఎలా ఉందని అడిగాడు. ధర్మారావు ఎప్పటిలాగే గది అదిరేలా, బాగుందన్నాడు. అని, ఉలిక్కిపడి, అరిచిందెవరా అని వెనక్కి తిరిగి చూశాడు.

“ఇన్నాళ్లూ నాను ఇంత గట్టిగా మాట్లాడేస్తన్నానేటి?” అన్నాడు గొంతు తగ్గించి.

“మన సందు సివర దాకా ఇనబడతాది,” అంది రోహిణి.

“మరి సెప్పలేదేటి?”

“సెప్తే ఇనబడితే గదా.”

అతనికి నవ్వాగలేదు. టెక్నీషియనుకు తెలుగు రాకపోయినా అతనూ నవ్వాడు. తిరుగు రైల్లో ధర్మారావు దుర్గ్ వచ్చేదాకా గుసగుసగానే మాట్లాడాడు. చక్రాల చప్పుడులో సగం మాటలు అందక, రోహిణే ముందుకు వంగి మళ్లీ మళ్లీ ఏటన్నారని అడగాల్సి వచ్చింది.