పొడి కాలు

"గోరంతని కొండంత చేస్తావేంటే బాబూ! కాలి గోరే కదా, దాంతో ఎవరైనా పోయారా?" అన్నాడు మొగుడు. ఆమె నేల తుడుస్తుంటే తడి తగలకుండా రెండు కాళ్ళూ సోఫా మీదికి ఎత్తిపెట్టుకుని మరీ అన్నాడు. ఇంటిపనిలో ఆయన చేసే సాయం అదే, కాళ్ళు ఎత్తడం. తుడవడం అయ్యాక దించుతాడు.

పనిచేసే చెప్పుల షాపులో ఆమెని అందరూ సైజక్క అంటారు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి పాదం చూసి "ఏడు. వెడల్పు రకం తియ్యండి" అని దూరం నుంచే చెప్పేస్తుంది. పదమూడేళ్ళుగా లోకం కాళ్ళ దగ్గర కూర్చుంటున్న సైజక్కకి సొంత కుడికాలి బొటనవేలి గోరు మూడేళ్ళ నుంచి పచ్చబడి, అట్టలా మందమై, అంచుల దగ్గర పిండిలా రాలుతోంది. అది ఫంగస్ అని డాక్టరు తేల్చింది. ఒకప్పుడు కామెర్లు వచ్చిన ఒళ్ళు కాబట్టి మాత్రలు పడవంది. షాపులో మేనేజరుకి గోరు కంటపడగానే "కస్టమర్లు చూస్తే బాగోదమ్మా, మూసుండే బూట్లు వేసుకో" అన్నాడు. పదిగంటలు బూట్లలో ఉడికి గోరు ఇంకా పాడైంది. చూస్తే బాగోదన్న వాళ్ళే గానీ, నొప్పిగా ఉందా అని అడిగినవాళ్ళు లేరు.

అలాంటప్పుడే చర్మవ్యాధుల ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. గోళ్ళరంగులా కుంచెతో పూసుకునే మందు. ఏడాదిపాటు రోజూ పూయాలి. పూశాక ఎనిమిది గంటలు కాలికి నీళ్ళు తగలకూడదు, మూసిన బూట్లు వేసుకోకూడదు. కొత్త గోరు ఎంత పెరుగుతుందో చూడటానికి నర్సు ఆమె గోటి మొదట్లో బ్లేడుతో సన్నటి గీత పెట్టి, స్కేలుతో కొలిచి, ఫొటో తీసి, చేతిలో ఒక సీసా, ఒక పుస్తకం పెట్టింది. పుస్తకంలో రోజుకో వరస. మందు పూశారా? ఎనిమిది గంటలు కాలు పొడిగా ఉంచారా? లేకపోతే కారణం?

మొదటిరోజు రాత్రి ఎనిమిదింటికి పూసింది. ఎనిమిదింబావుకి అత్తగారు "అమ్మాయ్, నా కాళ్ళు లాగేస్తున్నాయి, వేడినీళ్ళు పొయ్యి" అంది. పోస్తుంటే చిందాయి. రెండోరోజు గిన్నెలన్నీ కడిగి, అందరూ పడుకున్నాక పూసింది. పొద్దున ఐదింటికల్లా స్నానాలగది కడగాలి కదా, అది ఆరు గంటలే అయింది. పోనీ షాపుకి వెళ్ళే ముందు పూద్దామంటే అక్కడ బూట్లు. సైజక్క రోజుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఇరవైనాలుగు గంటల్లో ఎనిమిది గంటలు వరసగా పొడిగా ఉండే కాలు తనకి లేదు. నిద్ర కూడా అంత పొడుగు లేదు! ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఒక మందుసీసా వచ్చి చెప్పాల్సి వచ్చినందుకు ఆమెకి ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"అవునని టిక్కు పెట్టెయ్యి. వాళ్ళేమన్నా ఇంటికొచ్చి నీ కాళ్ళు తడుముతారా?" అన్నాడు మొగుడు. ఆమె పెట్టేసింది. చిన్నప్పటి నుంచీ ఆమెకి ఒకటే అలవాటు. అన్నం అయిందా అంటే అయింది, బట్టలు ఆరాయా అంటే ఆరాయి, ఒంట్లో బావుందా అంటే బావుంది. లేదు అని రాయాలంటే పనిదొంగలా అనిపించింది. రోజుకి రెండు టిక్కుల చొప్పున ఐదు నెలలు, ఒక్క గడి ఖాళీ పోకుండా నింపింది.

ఐదో నెల చివర నర్సు కొలిచింది. స్కేలు తిప్పి మళ్ళీ కొలిచింది.

"మీ పుస్తకం ఆణిముత్యంలా ఉందక్కా. ఇంత శ్రద్ధగా పూసినవాళ్ళు లేరు. అయినా గోరు ఇసుమంత కూడా తేరుకోలేదు. మీ విషయంలో మందు పనిచెయ్యలేదని రాస్తున్నా."

సైజక్క పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తను సరిగ్గా పూయని మందుమీద నింద పడుతోంది. రేపు దీన్ని నమ్ముకునే ఇంకే ఆడమనిషికో ఇది దక్కకుండా పోతే?

"రాయకండి. ఆ టిక్కులన్నీ అబద్ధాలు" అంది.

నర్సు కలం ఆగింది. "ఐదు నెలలూనా?"

"పూసింది నిజం. పొడిగా ఉంచింది ఒక్కరోజు కూడా లేదు."

నర్సు డాక్టరు గదిలోకి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. "లెక్కప్రకారం మీ పేరు కొట్టెయ్యాలి. నిజం మీరే చెప్పారని డాక్టరుగారు ఒక్క నెల గడువిచ్చారు. ఈ నెలలో అన్నీ నిజమైన అవునులు ఉండాలి. ఒక్కటి తప్పినా సీసా వెనక్కి తీసేసుకుంటాం. మాత్రలు మీకు పడవు, ఇంకో దారి లేదక్కా" అని కొత్త పుస్తకం ఇచ్చింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, ఇంట్లో తడిపనులన్నీ అయ్యాక, సైజక్క గోటికి మందు పూసుకుని వేళ్ళు కనిపించే చెప్పులతో షాపుకి వెళ్ళింది. మేనేజరు మొహం మాడ్చుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? కస్టమర్లు ఏమనుకుంటారు?"

"చెప్పుల షాపులో మనిషి చెప్పులు వేసుకుందనుకుంటారు సార్."

పక్కనున్న సేల్స్‌మన్ కిసుక్కున నవ్వాడు. మేనేజరు ఇంకేదో అనబోయి, ఆమె కోసం నలుగురు కస్టమర్లు ఎదురుచూస్తుంటే కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయాడు. అతనితో ఎదురు మాట్లాడటం ఇంత తేలికని తెలియక ఇన్నాళ్ళు పాదాలు ఉడకబెట్టుకున్నానే అని సైజక్కకి తనమీద తనకే కోపం వచ్చింది. ఆ వారం ఆరు రోజులకీ పుస్తకంలో ఆరు అవునులు పడ్డాయి, అన్నీ నిజమైనవే.

ఏడోది ఆదివారం. షాపు లేదు. ఇంట్లో నీళ్ళ పని మొత్తం ఆరోజుకే పోగుపడి ఉంటుంది. దుప్పట్లు, కర్టెన్లు, వారం బట్టలు, వరండా కడగడం. సరిగ్గా తొమ్మిదింటికి సైజక్క వరండాలో కుర్చీ వేసుకుని, గోరు అరగదీసి, మందు పూసుకుని, కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది. పెళ్ళయ్యాక పగటిపూట ఇలా కూర్చోవడం ఇదే మొదలు.

"అమ్మాయ్, దుప్పట్లు నానబెట్టావా?" అంది లోపల్నుంచి అత్తగారు.

"లేదత్తయ్యా. సాయంత్రం ఐదు దాకా నా కాలికి నీళ్ళు తగలకూడదు."

అత్తగారు గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివే తల్లీ" అంది గానీ, ఆ స్టూలు మీది కాలినే చూస్తూ నిలబడిపోయింది.

మొగుడు పేపరు పక్కన పెట్టాడు. "ఐదు దాకా మహారాణిలా కూర్చుంటావా? మరి బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"గోళ్ళు బాగున్నవాళ్ళు."

"వేళాకోళమా? సరే, నువ్వు కూర్చో. అమ్మ చూసుకుంటుందిలే."

సైజక్క అలవాటుగా అత్తగారి పాదాలకేసి చూసింది. ఐదో సైజు. అరికాళ్ళు నెర్రెలిచ్చి ఉన్నాయి. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ పచ్చగా, మందంగా, పక్కకి వంకర తిరిగి ఉన్నాయి. రోజూ ఆ కాళ్ళమీద వేడినీళ్ళు పోస్తూ కూడా ఇన్నాళ్ళు చూడలేదే అనుకుంటే సిగ్గేసింది. పక్కనున్న ఇంకో కుర్చీ ముందుకి లాగింది.

"కూర్చోండి అత్తయ్యా. మీరూ కాళ్ళు చాపుకోండి."

ముసలావిడ కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. చూసి, కూర్చుంది.

ఆయన ఆ రెండు జతల పాదాలవంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత తల దించి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. పది గోళ్ళూ గులాబీ రంగులో, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి.