తినీసినాం బాబూ

లెక్చరర్ దేముడికి ఒళ్ళు మండిపోయింది. పెరిగే ధరలు కూలివాడి జీతాన్ని ఎలా మింగుతాయన్నదే అతని పరిశోధన. దానిమీదే కలకత్తాలో డాక్టరేటు తెచ్చుకున్నాడు, దాన్నే అక్కడి కాలేజీ పిల్లలకు పాఠం చెబుతున్నాడు. అలాంటివాడి ముందు శాఖాధిపతి ఒక వ్యాసం పెట్టి సంతకం చెయ్యమన్నాడు. రైలు కార్మికులకు ధరల వేడి తగల్లేదట. ఖరగ్‌పూర్‌లో తెలుగు కార్మికులుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఇల్లిల్లూ అడిగిస్తే అందరూ రెండు పూటలా తింటున్నామన్నారట.

డెబ్భై నాలుగు వేసవి అది. ఎవరి నోట విన్నా సమ్మె మాటే. ఆ పేటలో పుట్టిన దేముడి పేరు కూడా ఉంటే, జీతాలు పెంచనక్కర్లేదని ఆ వ్యాసాన్నే ఢిల్లీలో చూపిస్తారు. సంతకం పెడితే అతనికి రీడర్ ఉద్యోగం.

"మావాళ్ళు గంజితో గడుపుతున్నారు సార్."

"ఆధారం? నా దగ్గర ఆడవాళ్ళు స్వయంగా చెప్పిన మాటలున్నాయి." ఆయనది కడుపు నిండిన బేరం. దేముడు ఆ సాయంత్రమే ఖరగ్‌పూర్ రైలెక్కాడు.

క్వార్టర్లో తల్లి నూకాలమ్మ ఒక్కతే ఉంది. తండ్రి రైల్వే వర్క్‌షాపులో డ్యూటీకి వెళ్ళాడు.

"కాలేజీ కుర్రోళ్ళు ఏటడిగినారమ్మా?"

"తిన్నారా మాసీ అన్నారు. తినీసినాం బాబూ అన్నాను. టీ కూడా ఇచ్చినాను."

"నిజం సెప్పొచ్చు కదా?"

"గుమ్మంలోకొచ్చినోడితో కడుపు కాల్తందని సెప్పుకుంటామేట్రా? ఈ లైన్లో ఏ ఆడది సెప్తాది?"

ఏ ఆడదీ చెప్పదు. శ్రీకాకుళం వదిలి రెండు తరాలైనా ఆ మర్యాద వదల్లేదు. ఆ మర్యాదనే మూటగట్టుకుపోయి, వీళ్ళకేం లోటు లేదని రాసిన పెద్దమనుషుల మీద దేముడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

నూకాలమ్మ కంచంలో అన్నం, చారు పెట్టింది.

"నువ్వో?"

"తినీసినాను. నువ్వు తిను."

డబ్బు పంపుతానన్నప్పుడల్లా 'మాకేటి లోటురా' అన్నది కూడా ఈ గొంతుతోనే. దేముడు లేచి గిన్నె మూత తీశాడు. కడిగినట్టు ఖాళీగా ఉంది. ఆ పూట వండిందంతా తన కంచంలోనే ఉంది.

"మూతలు తీసి సూడ్డానికి నువ్వేం ఇనస్పెట్రువా?" నూకాలమ్మకు నిజంగానే కోపం వచ్చింది. దేముడు సగం అన్నం తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె గోడవైపు తిరిగి తింది.

మర్నాడు కాలేజీకి తిరిగొచ్చి, శాఖాధిపతి ముందే వ్యాసం మీద తన పేరు అడ్డంగా కొట్టేశాడు.

"ఆధారం దొరికిందా?"

"దొరికింది సార్. అది మీకు చూపించేది కాదు."

ఆయన జాలిగా చూశాడు. "ఆలోచించుకోవయ్యా. రీడర్ జీతం లేకపోతే ఇల్లెలా గడుస్తుంది?"

దేముడు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"మాకేం లోటు లేదు సార్" అన్నాడు.