అటక కింది గునపం

నేను ఒక గునపాన్ని. కొబ్బరికాయలు ఒలిచే గునపాన్ని. ఇప్పుడు నా మొనకి కుళ్ళు కంపు అంటుకుని ఉంది. నా ముందు నిలబడ్డ మరిడయ్యని అందరూ దొంగ అంటున్నారు.

మరిడయ్య ఇంకో కాయ తీసి నా మొన మీద గుచ్చి విరిచాడు. పీచు డొక్క విడిపోయింది. పెంకు మీద తడి. పగలగొడితే లోపల నల్లటి జిగురు. వ్యాపారి గవర్రాజు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గేటు బయట లారీ ఇంజను ఆపేశారు.

"లేత బొండాల్ని ఎండి కురిడీ అయిపొమ్మని అటకెక్కించావా మరిడయ్యా? తాగడానికి గొట్టాలు కూడా ఇవ్వకపోయావా," అన్నాడు గవర్రాజు.

గేటు దగ్గర మూగిన దింపువాళ్ళు నవ్వారు. మరిడయ్య నవ్వలేదు. పోయినేడు ఈ కాయల్ని చెట్ల మీంచి దింపింది, అటక మీదికి చేర్చింది అతనే. ముదురు కాయలు దారిలోనే అమ్ముకుని లేతవి ఎక్కించాడన్నది అభియోగం. ఈ మాట సాయంత్రానికి గోదావరి లంకలన్నీ తిరిగొస్తుంది. ఆ తర్వాత కోనసీమలో ఏ తోటవాళ్ళూ అతన్ని చెట్టెక్కనివ్వరు. చెట్టెక్కడం తప్ప అతనికి ఇంకో పని రాదు.

"ఒకటే రాశండి. ఒక్కరోజే ఎక్కించానండి. మీరూ అక్కడే కూచున్నారు కదండి," అన్నాడు అరుగు మీదున్న మంగతాయారుతో. ఈ తోట ఆమెది. ఆరోజు గొడుగేసుకుని రాశి పక్కనే కూచున్న మాట నిజం. కానీ కళ్ళ ముందు కుళ్ళిన గుట్ట కూడా నిజమే.

నా సంగతి కాస్త చెప్పాలి. నేను పుట్టింది విరిగిన బండి ఇరుసులోంచి. కమ్మరి కొలిమిలో సాగి, మొన తేలి, మంగతాయారు మామగారి కాలంలో ఈ దొడ్లోకి వచ్చాను. మిగతా గునపాలు నేలని పొడుస్తాయి. నన్ను మాత్రం నేలలో పాతి, మొనని ఆకాశానికి చూపించి, కాయని తెచ్చి నా మీద గుచ్చుతారు. కష్టం వాళ్ళది, పేరు నాది. ముందు మరిడయ్య తండ్రి, తర్వాత మరిడయ్య నా ముందు నడుం వంచారు. నా మీద ఒలిచిన కాయలో పారేసేది ఉండదు. డొక్క పీచు మిల్లుకి పోతుంది, చిప్ప బొగ్గుల బట్టీకి పోతుంది, కురిడీ ఎక్కడో ఉత్తరాదిన పెళ్ళికూతురి ఒళ్ళోకి చేరుతుంది. నేను ఈ దొడ్డి దాటలేదు గానీ నా కాయలు దేశమంతా తిరిగాయి.

ఒలుపు లేని రోజుల్లో నన్ను పీకి వంటపాక మూలకి ఆనిస్తారు. తలెత్తితే వెదురు అటక, దాని మీద డొక్కతోనే పోసిన కాయలు. ఏడాది తిరిగేసరికి లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, ఊపితే గటగటలాడుతుంది. అదే కురిడీ. ఆ శబ్దం కోసం మనుషులు కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు, పసిపిల్లాడు ఏదో చెప్పబోతున్నట్టు.

పోయినేడు కాయలు అటకెక్కగానే ఆ పాకలో పెద్ద సంబరం జరిగింది. పొగకి కళ్ళు పోతున్నాయని మంగతాయారు గ్యాసు పొయ్యి తెప్పించింది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పరమాన్నం వండి వీధంతా పంచింది. కట్టెల పొయ్యిని తనే పలుగుతో పగలగొట్టింది. దక్షిణపు మూల స్నానాలకి నీళ్ళు కాగే పొయ్యి ఒక్కటే మిగిలింది. డొక్కలు ఊరికే వస్తాయి కదా, దానికి గ్యాసెందుకని.

మళ్ళీ దొడ్లోకి వద్దాం. మరిడయ్య అప్పటికి దింపిన వాటిలో ఆఖరి గంపలోంచి కాయ తీశాడు. ఒలిచాడు. ఊపాడు. గటగట.

ఇంకోటి ఒలిచాడు. అదీ గటగట. ఆ పక్కదీ అంతే.

"మంచివి అడుగున దాచావన్నమాట," అన్నాడు గవర్రాజు. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

మంగతాయారు అరుగు దిగింది. ఆ గంప ఎక్కడిదని కోడలు హేమలతని అడిగింది. అటకెక్కి కాయలు అందించింది ఆ పిల్లే.

"దక్షిణపు మూలవి అత్తయ్యా. చూడండి, చీరంతా మసే."

మంగతాయారు కుళ్ళిన కాయలది ఒక డొక్క, మంచి కాయలది ఒక డొక్క తీసింది. ఒకటి మసిపట్టి నల్లగా ఉంది. ఇంకోటి నిన్న చెట్టు దిగినట్టు శుభ్రంగా ఉంది. శుభ్రంగా ఉన్నదే కుళ్ళిన కాయది. రెండూ పట్టుకుని వంటపాకలోకి వెళ్ళి, దక్షిణపు మూల నీళ్ళ పొయ్యి పైనున్న అటక కేసి చూసింది. తర్వాత తళతళలాడే తన పొయ్యి కేసి చూసింది.

బయటికి వచ్చాక ముందు పని పురమాయించింది. సిలిండరూ పొయ్యీ వసారాలోకి మారాయి. హేమలత నీళ్ళ పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి అటక కింద మట్టి మూకుళ్ళలో పోసింది. మరిడయ్య తడి డొక్కలు కప్పాడు. పొగ లేచింది, చిక్కగా, పాతరోజుల్లోలాగే. గవర్రాజు దగ్గుకుంటూ అటకెక్కి మిగిలిన కాయల్ని వేళ్ళతో కొట్టి చూశాడు. సగానికి పైగా ఇంకా చెడలేదు, పొగ ఆపకపోతే నిలుస్తాయి, వానలకి ముందు మళ్ళీ లారీ తెస్తానన్నాడు. ఇకనుంచి ఈ పాక అటకకే, వంట వసారాలో అని మంగతాయారు తేల్చేసింది. కళ్ళూ దక్కాయి, కాయలూ దక్కాయి.

గేటు దగ్గర దింపువాళ్ళు కదల్లేదు. వాళ్ళకి కావలసింది కురిడీ కాదు, పేరు. గవర్రాజే అడిగాడు.

"మరి దొంగెవరంటారు తాయారుగారూ?"

మంగతాయారు మరిడయ్య చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించుకెళ్ళింది. లంకల దాకా వినపడేలా గొంతెత్తింది.

"ఇతను ఎక్కించినవి ముదురు కాయలే. వాటికి పొగ తగలకుండా చేసింది నా గ్యాసు పొయ్యి. దానికి బొట్టు పెట్టి ఇంట్లోకి తెచ్చింది మంగతాయారు."