సీ పక్కన జీ

2003 జూన్‌లో అనూషకు మూడో నెల. సంతోషించాల్సిన మనిషికి అన్నం సయించడం లేదు, భయంతో. తమ్ముడు లలిత్‌కి చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు. తల్లుల్లో నక్కి ఉండి కొడుకుల్లో బయటపడే జబ్బు అది. తనలోనూ ఉంటే? పుట్టేది మగపిల్లవాడైతే?

బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసులో ఆమె పనల్లా డీఎన్‌ఏలోని ఏ, సీ, జీ, టీ అనే నాలుగక్షరాలు ఏయే జంటలుగా వస్తున్నాయో కంప్యూటర్ చేత లెక్కపెట్టించడమే. కోడి, ఎలుక, మనిషి, వెన్నెముక ఉన్న ఏ ప్రాణిలో చూసినా సీ పక్కన జీ ఉండాల్సినన్ని చోట్ల ఉండదు. మనిషిలోనైతే ఐదో వంతు మిగిలితే గొప్ప. జీ ముందున్న సీకి ఒంట్లోనే ఒక రసాయనం అంటుకుంటుంది, అంటుకున్న సీ ఎప్పుడో ఒకప్పుడు టీ అయిపోతుంది. కారణం అదేనని పెద్దలంటారు.

లలిత్‌కి చేయించిన జన్యు పరీక్ష రిపోర్టు వచ్చింది. రక్తం గడ్డకట్టించే జన్యువులో చెడింది సరిగ్గా అలాంటి చోటే, సీజీ పోయి టీజీ అయింది. అనూషకు ప్రాణం లేచొచ్చింది. తనంతట తానే చెడే చోటు కదా, వాడితోనే మొదలై ఉంటుంది! ఆటో ఎక్కి కె.ఆర్.పురంలో పుట్టింటికి పరిగెత్తింది.

తల్లి చౌడమ్మ బీన్స్ తుంచుతోంది.

"అమ్మా, ఇది మన వంశంలో లేదు. వాడికే కొత్తగా వచ్చిండాది."

"అట్లనా," అంది చౌడమ్మ తలెత్తకుండా. "అయినా మగబిడ్డ పుడితే చెవులు కుట్టించొద్దు పాపా. మా ఇంట్లో మగోళ్లకి కుట్టరు."

"ఎందుకు?"

"మా అన్న రామయ్యకి కుట్టిన దినం రక్తం నిల్లేదు. మూడు దినాలకి పోయినాడు. అప్పుడు మా అమ్మ పెట్టిన కట్టడి."

అనూషకు అర్థమైంది. ఆ జంట ఎప్పుడో, అమ్మమ్మ నాటికే చెడి ఉంది. అది అమ్మ దాకా వచ్చింది. తన దాకా వచ్చిందో లేదో, సగానికి సగం. కోట్ల అక్షరాలు లెక్కపెట్టించిన మనిషి ఇంట్లో అమ్మను ఒక్క మాట అడగలేదు.

"ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పుంటే నువ్వు కడుపు తెచ్చుకుంటావా? మా అమ్మ నాకు విడమరిచి చెప్పుంటే మీరిద్దరూ ఉంటారా?"

అనూషకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. రేపే రక్తం పరీక్షకిస్తానంది. ఫలితానికి మూడు వారాలు పడుతుందంది.

చౌడమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "అందాకా ఎవురికీ చెప్పొద్దు. మీ ఆయనకి కూడా."

"సరే," అనేసింది అనూష. అన్నాక తన గొంతు అచ్చం అమ్మ గొంతులా వినిపించి భయమేసింది.