కాలికి కట్టిన వాచీ

ఆ కోటు ఎవరు కుట్టారో గాని ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది, ఆస్పత్రిలో టోకెన్లు పిలిచే అమ్మాయి చెయ్యెత్తినప్పుడల్లా చంక దగ్గర పట్టేస్తోంది, విప్పి ఇస్తే పది నిమిషాల పని, పద్నాలుగు అని పిలిచింది, తనది పదిహేడు, ఇంకా ఇద్దరు అనుకుంటూ దర్జీ మాస్టరు కుర్చీలో వెనక్కి వాలాడు, వాలితే ఊపిరి అందక మళ్ళీ ముందుకు జరిగాడు, మెట్లెక్కి అరగంటయింది, ఛాతీలో కొలిమితిత్తి ఇంకా ఆడుతూనే ఉంది, లిఫ్టు చెడిపోతే ఏం, రెండంతస్తులేగా, నీకిదొక లెక్కా నాన్నా అంటూ కూతురు ఫైలు చంకన పెట్టుకుని చకచకా ఎక్కేసింది, ఆయన మాత్రం మలుపు మలుపుకీ ఆగి కిటికీలోంచి వీధిని మహా శ్రద్ధగా చూశాడు, ఏముంది వీధిలో, ఆగి ఉన్న నీళ్ళ లారీ, దాని కింద నిద్రపోతున్న కుక్క, చూసినంత సేపూ దాన్నే చూశాడు, అదృష్టవంతురాలు, ఎంత నిదానంగా ఊపిరి తీసుకుంటోందో, ఇంతలో ఎడమ చీలమండ దగ్గర ఏదో కోస్తున్నట్టయింది, ప్యాంటు మీదనుంచే తడిమి చూసుకుని గతుక్కుమన్నాడు, వాచీ ఇంకా కాలికే ఉంది.

చేతికి కట్టుకోమనే ఇచ్చింది కూతురు, ఆరు నెలలయింది, నువ్వు వేసే ప్రతి అడుగూ నా ఫోనులో పడుతుంది నాన్నా, రోజుకి పదివేలు, మాటివ్వు అంది, ఇచ్చేశాడు, మాటేగా, పైగా తను రోజంతా మిషను తొక్కే మనిషి, నలభై ఏళ్ళుగా ఆ పాదాలకి తీరిక ఎక్కడిది, అయినా మొదటి సాయంత్రం నాలుగొందలు చూపించింది ఆ దిక్కుమాలిన వాచీ, నాలుగొందలేనా నాన్నా అని ఫోనులో కూతురి గొంతు, కోపం కాదు, భయం, వాళ్ళమ్మ పోయినప్పటి నుంచీ అదే గొంతు, ఆయనకి ఉక్రోషం వచ్చింది, పొద్దుటి నుంచి తొక్కిన కాళ్ళు కాళ్ళు కావా అని మర్నాడు వాచీ పట్టీకి ఎలాస్టిక్ ముక్క కుట్టి చీలమండకి కట్టి కూర్చున్నాడు, రెండు ప్యాంట్లూ మూడు స్కూలు చొక్కాలూ పూర్తయ్యేసరికి ఏడువేలు, న్యాయమే కదా, కింద దారి కదలకపోతే అది కాలి తప్పా, సాయంత్రం కూతురి దగ్గర్నుంచి చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మలు వరసగా ఏడు వచ్చాయి, ఆ బొమ్మలు చూశాక విప్పబుద్ధి కాలేదు, ఒకరోజు సిగ్గుపడి నిజంగానే నడుద్దామని వీధి చివరిదాకా వెళ్ళి మందుల షాపు మెట్ల మీద కూలబడ్డాడు, కాస్త తేరుకుని కొట్టుకి చేరి మిషను ఎక్కాడు, ఆ రోజు లెక్క తొమ్మిదివేలు దాటింది.

మా నాన్న రోజూ పదివేలు నడుస్తారండీ అంటోంది కూతురు పక్క కుర్చీలో ఆవిడతో, ఆవిడకి అటుపక్క చేతికర్ర పట్టుకుని కూర్చున్న భర్త, భారీ మనిషి, ఆవిడ కళ్ళు ఇంతలు చేసుకుని ఇటు తిరిగింది, అన్నయ్యగారూ, తినకముందు నడవాలా తిన్నాక నడవాలా, అన్నం పూర్తిగా మానెయ్యాలా సగమా, ఉప్పు అసలు వెయ్యకూడదా, ఈయనకి మోకాళ్ళు నొప్పి, అయినా నడవొచ్చంటారా, మాస్టరు గొంతు సవరించుకుని, పొద్దున్నే మంచిదమ్మా, ఖాళీ కడుపుతో వద్దు, ఉప్పు చిటికెడు చాలు అని డాక్టరు తనకి చెప్పినవన్నీ అప్పజెప్పాడు, తీరా చూస్తే ఆ భారీ మనిషి చేతికర్రని గోడకి ఆనించి, ఈయన వయసులో ఈయన నడవగా లేనిది నాకేం రోగం, రేపట్నుంచి నేనూ మొదలెడతా అన్నాడు, కూతురు మురిసిపోయింది, వద్దు బాబూ అనబోయాడు ఆయన, ఊపిరి మాట దాకా రాలేదు, నవ్వి ఊరుకున్నాడు, నవ్వడానికి ఊపిరి అక్కర్లేదు కాబోలు.

పదిహేను, పోయిన నెలా ఇదే కుర్చీ, కూతురి ఫోను చూసి డాక్టరు శభాష్ మాస్టారూ అన్నాడు, ఇన్ని అడుగులు వేసేవాడి గుండె బలహీనమంటే నేను నమ్మను, ఆయాసమంటారా, దిగులు, కాస్త గ్యాసు, ఒంట్లో నీరు తీసే ఆ మాత్ర ఇక సగం చాలు అని చీటీ మీద కొట్టేశాడు, పాపం ఆయన తప్పేముంది, ఇచ్చిన కొలతకే కదా ఎవరైనా కుట్టేది, కొలతే దొంగదైతే బట్ట ఎవరికి సరిపోతుంది, మాత్ర సగమైన వారానికి చెప్పులు పట్టలేదు, పది రోజులకి నడుం దగ్గర కుట్లు విప్పి రెండంగుళాలు వదులు చేసుకున్నాడు, ఒళ్ళు చేశావు నాన్నా, ఆకలి బాగుందన్నమాట అంది కూతురు, ఆయన కొట్టు తలుపు వేసి చీలమండకి టేపు చుట్టి చూసుకున్నాడు, తొమ్మిదిన్నర ఉండేది పదకొండు, ఎవరికీ చెప్పలేదు.

పదహారు అన్నారు, ఇక ఒక్కరే, లోపలికెళ్తే డాక్టరు మొదట కాళ్ళే నొక్కి చూస్తాడు, ఇప్పుడే విప్పి చేతికి పెట్టుకుంటే సరి, కూతురు ఫైలు తిరగేస్తోంది, ఇదే అదను, వంగాడు, వంగగానే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది, కళ్ళ ముందు నల్లగా తిరిగింది, లేచి నిటారుగా కూర్చుని కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు, మళ్ళీ వంగాడు, వేళ్ళు మోకాలి దగ్గరే ఆగిపోయాయి, జానెడు దూరం, ఆ జానెడు దూరం కూడా పోలేని మనిషి నిన్న పదకొండువేల అడుగులు నడిచాడట, ఏడుపొచ్చింది ఆయనకి, ఏంటి నాన్నా, చెమటలు పడుతున్నాయి అంది కూతురు, ఏం లేదమ్మా, గ్యా, అంటూ ఆగిపోయాడు.

ఈ మాట తనది కాదు, ఇది పోయిన తన భార్య మాట, రెండేళ్ళ కింద మిషను పక్కన పీట మీద కూర్చుని గుండీలు కుడుతూ ఛాతీ పట్టుకుని, ఏం లేదండీ, గ్యాసే, మీరు ఆ కోటు చేతులు అతికించండి, సాయంత్రానికి పెళ్ళివాళ్ళొస్తారు అంది, అతికించాడు, పెళ్ళివాళ్ళు వచ్చేసరికి ఆవిడ లేదు, ఒక్క మాట చెప్పి చావచ్చు కదే అని ఆ ఖాళీ పీటని రెండేళ్ళుగా తిడుతూనే ఉన్నాడు, మొండిదనీ, మొగుణ్ణి పరాయివాణ్ణి చేసిందనీ ఎన్ని అన్నాడు, ఇన్నాళ్ళూ అది మొండితనంతో నొప్పి దాచిందనుకున్నాడు, మొండితనం కాదు, ఆ రోజు తను కూనిరాగం తీస్తూ చేతులు అతికిస్తున్నాడు, ఆ రాగం ఆగిపోతుందని దాచింది, ఏడు బొమ్మల కోసం తనూ అదే పని చేశాడు, రేపు ఈ పిల్ల నాన్న లేని మిషను ముందు నిలబడి ఎవర్ని తిట్టాలి, ఫోను తీసి చూసుకుంటే అందులో పదకొండువేలు ఉంటాయి, చప్పట్లు కొట్టిన తన చేతులే ఉంటాయి, ఆ చేతుల్ని తిట్టుకుంటుంది బతికినన్నాళ్ళూ.

పదిహేడు అని పిలిచింది కోటు అమ్మాయి, పద నాన్నా అని కూతురు లేచింది, ఆయన లేవలేదు, ఒక్కసారి వంగి నా ఎడమ కాలు చూడమ్మా, నేను వంగలేకపోతున్నాను అన్నాడు, కూతురు ప్యాంటు అంచు పైకెత్తింది, వాచీ పట్టీ వాచిన కండలోకి దిగబడిపోయి ఉంది, ఆ పిల్ల దాన్ని చూసి, ఆయన మొహం చూసి, మళ్ళీ దాన్ని చూసింది, నడవలేదమ్మా, ఒక్కరోజు కూడా నడవలేదు, మిషను తొక్కాను అన్నాడు, పక్కావిడ వింటోంది, విననీ, చేతికర్ర ఆయనా వింటున్నాడు, ఆయన తప్పకుండా వినాలి, కూతురు తలెత్తి, మరి ఈ ఆయాసం, ఈ చెమటలు అంది, ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, ఉన్న కాస్త ఊపిరీ కూడగట్టుకుని, ఇది గ్యాసు కాదమ్మా అన్నాడు.