ఎదురింటి క్రైస్తవురాలు

మా అమ్మాయి బ్రిన్లీ సువార్త సేవకని బల్గేరియా వెళ్ళి ఏడు నెలలయింది. వారానికి ఒక్కసారి, సోమవారం ఉదయం తొమ్మిదింటికి, ఇంటికి వీడియో కాల్ చేస్తుంది. ఆ గంట కోసం నేను ఆదివారం నుంచే కాచుకుని ఉంటాను. సెప్టెంబరు మొదటి సోమవారం ఫోనులో పిల్ల మొహం కనబడగానే నాకు కంగారు పుట్టింది.

"ఏంటే, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందమ్మా. నిన్న ఒక ముసలావిడ నన్ను ఒక మాట అడిగింది. వాళ్ళింట్లో అమ్మమ్మల నాటి క్రీస్తు పటం ఉంది, దాని ముందు దీపం. ‘పాపా, వెయ్యేళ్ళుగా మేం ఆయన్నే కొలుస్తున్నాం. ఇప్పుడు నువ్వొచ్చి ఎవర్ని చూపిస్తావ్?’ అంది."

"నువ్వేమన్నావు?"

"నేర్పినవన్నీ చెప్పాను. మధ్యలో పోయిన ఆయన సంఘం మళ్ళీ నిలబడింది, మళ్ళీ ప్రవక్తలున్నారు, బైబిలుతో పాటు ఇంకో గ్రంథం ఉంది... చెప్తుంటే పాఠం అప్పజెప్పినట్టుంది. నువ్వయితే ఏం చెప్తావమ్మా?"

నేను గొంతు సవరించుకుని, వాళ్ళ దగ్గరున్న మంచిని వదిలేయమని మనం అడగం కదా అంటూ మొదలుపెట్టాను. పిల్ల మధ్యలోనే ఆపింది.

"అది నాకూ తెలుసులే. మనెదురింటి ఓపల్ గారికి చెప్పినప్పుడు ఆవిడేమంది?"

నేను ఫోను అటూ ఇటూ సర్దాను.

"చెప్పనేలేదా? నాలుగేళ్ళ నుంచి పొద్దున లేస్తే ఆవిడ వరండాలోనే ఉంటావు కదా!"

"సందర్భం రాలేదే."

"భాష సరిగా రాని ఊళ్ళో ఆరొందల తలుపులు తట్టానమ్మా నేను. నువ్వు ఒక్క రోడ్డు దాటలేకపోయావు."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా వీధిలో పదకొండు ఇళ్ళు. పది ఇళ్ళవాళ్ళం ఆదివారం ఒకే చర్చికి నడిచి వెళ్తాం. పదకొండోది ఓపల్ టాకెట్ గారిది. డెబ్బై ఒక్కేళ్ళావిడ. పుట్టింది దూరాన కెంటకీ రాష్ట్రంలో, అచ్చమైన బాప్టిస్టు. భర్త హర్షెల్ గారికి చేపలు పట్టడం పిచ్చి. ఉద్యోగం అయిపోయాక మా యూటా కొండల్లో స్థిరపడదామని ఆయనే పట్టుబట్టి తీసుకొచ్చాడు. వచ్చిన రెండో ఏడాదే గుండె ఆగి పోయాడు. తిరిగి కెంటకీ వెళ్తుందనుకున్నాం, వెళ్ళలేదు. ఆదివారం తెల్లారగానే పాత కారు తీసుకుని పక్క ఊళ్ళో ఉన్న వాళ్ళ చిన్న చర్చికి పోతుంది. ఆవిడ తోటలో చిక్కుళ్ళు మా ఇంటికి వస్తాయి, మా ఆప్రికాట్ జామ్ వాళ్ళింటికి వెళ్తుంది. మతం సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. అదే మర్యాద అనుకున్నాను.

ఆ వారమంతా నాకు ఏ పని మీదా చెయ్యి నిలవలేదు. టర్కీ కోళ్ళ షెడ్డులో దాణా పోసి, పోశానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూసేదాన్ని. మంగళవారం రొట్టె పట్టుకుని రోడ్డు దాటాను, ఇచ్చేసి వచ్చేశాను. బుధవారం జామ్ సీసా ఇచ్చి వచ్చాను. గురువారం చేతిలో ఏమీ లేకుండా వెళ్ళి, ఏం తోచక, నిచ్చెన అరువడిగాను.

"మనకి రెండు నిచ్చెనలున్నాయి కదే," అన్నాడు మా ఆయన వెల్డన్. "ఇంకో వారం ఇలాగే తిరిగావంటే ఆవిడ ఇల్లంతా మనింట్లోకి వచ్చేస్తుంది."

"మీకేం, నవ్వుతారు. ఆవిడకి కోపం వస్తే?"

"రానీ. అబద్ధం ఆడుతున్నావా? దొంగతనం చేస్తున్నావా?"

శుక్రవారం ఉదయం నిచ్చెన తిరిగివ్వడానికి వెళ్ళాను. ఓపల్ గారు వరండా మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. పక్కన కాఫీ. మా సంఘంలో కాఫీ తాగం కాబట్టి నాకు ఎప్పటిలాగే నిమ్మరసం తెచ్చిపెట్టింది. నేను కూర్చుని, రెండు కాయలు తుంచి, సంచిలోంచి మా గ్రంథం తీసి మెట్టు మీద పెట్టి, ఉపోద్ఘాతం లేకుండా అనేశాను.

"ఓపల్ గారూ, మా సంఘం గురించి మీకు చెప్పాలని ఉంది. మా గ్రంథం ఒకటి తెచ్చాను. చదువుతారా?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఆర్డిత్, నా తొమ్మిదో ఏట నదిలో బాప్తిస్మం తీసుకున్నాను. అరవై రెండేళ్ళయింది. ఒక్క ఆదివారం మానలేదు. నీ లెక్కలో నేను క్రైస్తవురాలిని కానా?"

"అయ్యో, అలా అంటానా! మీ అంత భక్తి నాకు లేదు."

"మరి నాకేం తక్కువైందని తెచ్చావు? ఆకలితో మాడిపోతున్నట్టు కనిపిస్తున్నానా?"

"ఆకలితో ఉన్నవాళ్ళకే పెడతామా, ఓపల్ గారూ? నేను మంచిదేదైనా చేసుకుంటే మీకివ్వకుండా తిన్నానా ఎప్పుడైనా?"

"జామ్ వేరు, ఇది వేరు."

వేరేనని నాకూ తెలుసు. అప్పుడు ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. మా మొదటివాడు, డేన్, అయిదు నెలలకే పోయాడు. కొండ మీది మా సంఘం దేవాలయంలో జరిగిన మా పెళ్ళి చావుతో తెగేది కాదని, ఆ ముడిలో పుట్టాడు కాబట్టి వాడు ఎప్పటికీ మా బిడ్డేనని నేను నమ్ముతాను. ఆ నమ్మకం పట్టుకునే ఆ ఏడాది మంచం దిగి పొయ్యి వెలిగించాను.

"హర్షెల్ గారు పోయినప్పుడు మీ పక్కన కూర్చున్నాను. ఈ మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. మీరేమనుకుంటారోనని. రెండేళ్ళుగా అది నన్ను తినేస్తోంది."

ఆవిడ చిక్కుళ్ళ గిన్నె పక్కకి జరిపింది.

"హర్షెల్‌ని నేను చూస్తాను. అందులో నాకు ఒక్క రోజూ అనుమానం రాలేదు. దానికి నాకు మీ దేవాలయం అక్కర్లేదు."

ఆవిడ కాఫీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గ్రంథం మెట్టు మీదే ఉండిపోయింది.

పదకొండు రోజులు ఓపల్ గారు కనబడలేదు. కారు కదిలేది, కిటికీ తెరలు కదిలేవి, ఆవిడ మాత్రం వరండాలోకి రాలేదు. నేను రోజుకి పదిసార్లు మా ముందు కిటికీ తుడిచాను. వెళ్ళి తప్పయిందని చెప్పాలనిపించేది. తప్పు చేయలేదని వెంటనే అనిపించేది. రెండింటికీ మధ్య ఇంట్లో కాలు నిలవక తిరిగాను.

పన్నెండో రోజు ఆవిడే వచ్చింది. చేతిలో మా గ్రంథం. వంటింట్లో బల్ల మీద దాన్ని పెట్టి, కూర్చోమంటే కూర్చోకుండా మొదలుపెట్టింది.

"మూడో వంతు చదివాను. నమ్మకం కుదర్లేదు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఇంకోటి చెప్పాలి. నువ్వు మింగానన్నావే, నేనూ మింగాను."

"ఏంటది?"

"నువ్వు మొదటిసారి ఆ బంగాళదుంపల వంటకం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చావు చూడు, ఆ రోజు నుంచి నీ కోసం ప్రార్థన చేస్తున్నాను. నువ్వు రక్షణ పొందాలని."

"అంటే? నేను యేసుని నమ్మడం లేదా?"

"నమ్ముతున్నావమ్మా. కానీ నిన్ను చూస్తే నాకు ఆయాసం వస్తుంది. జబ్బుపడ్డవాళ్ళకి వంట, ఆదివారం పాఠం, దేవాలయం, నిచ్చెనలు... ఆయన ఊరికే ఇచ్చినదాన్ని సంపాదించుకోవాలని పరిగెత్తుతున్నావనిపిస్తుంది. ఒక్కసారి కూర్చోమని చెప్పాలని నాలుగేళ్ళ నుంచి అనుకుంటున్నాను."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గట్టిగా ఏదో అనబోయాను. మొన్న వరండాలో ఆవిడకి ఎలా అనిపించిందో అప్పుడు తెలిసింది. అలా వినడం అంత కష్టమైనా ఆవిడ గ్రంథం లోపలికి తీసుకెళ్ళి మూడో వంతు చదివిందన్న సంగతీ తోచింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సరే, కూర్చున్నాను. ఎందుకు నమ్మకం కుదర్లేదో చెప్పండి."

ఆవిడా కూర్చుంది. మధ్యాహ్నం భోజనం వేళ దాటేదాకా వాదించుకున్నాం. వెల్డన్ వచ్చి, మా ఇద్దరినీ చూసి, మాట్లాడకుండా రొట్టె తీసుకుని షెడ్డుకి పోయాడు.

సోమవారం బ్రిన్లీకి అంతా చెప్పాను. "ఆవిడ కాదంది. పైగా నన్నే మార్చాలని చూస్తోంది."

పిల్ల పడీపడీ నవ్వింది. తర్వాత మెల్లిగా అడిగింది. "కాదంటుందని ముందే అనుకున్నావు కదా. మరెందుకు చెప్పావమ్మా?"

"నాకున్నవాటిలో అన్నిటికంటే ప్రియమైనదాన్ని దాచిపెట్టి, ఆవిడ నా స్నేహితురాలని చెప్పుకోలేకపోయాను. అంతే."

"ఆ ముసలావిడకి ఈ మాట చెప్పొచ్చా?"

"చెప్పు. కానీ ముందు ఆవిడ చెప్పేది విను."

అప్పటి నుంచి ప్రతి గురువారం మా ఇద్దరికీ యోహాను సువార్త. ఒక వారం వాళ్ళ వరండా, ఒక వారం మా వంటిల్లు. వచనానికి ఒక తగువు. ఒకసారి ఆవిడ పిలిస్తే వాళ్ళ చర్చికి కూడా వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. వాళ్ళ పాటలు మా పాటలకంటే రెట్టింపు గట్టిగా ఉన్నాయి. ప్రార్థనలో పాస్టరు నా పేరు చెప్పినప్పుడు కొంచెం చిరాకు, కొంచెం కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఇంటికొచ్చాక రెండు రోజులు స్థిమితం లేదు.

ఇప్పటికీ స్థిమితం లేదు. ఆవిడ మా దేవాలయంలోకి రావాలని నాకుంది. నేను పరుగు మాని ఆయన కృపని నమ్ముకుని కూర్చోవాలని ఆవిడకుంది. ఇద్దరం ఆ సంగతి దాచుకోవడం మానేశాం.

మొన్న మా బిషప్ చర్చి దగ్గర నన్ను ఆపి, ఆవిడ మా సంఘంలోకి వస్తుందేమోనని ఆశగా అడిగాడు. "సిస్టర్ సోరెన్సెన్, ఓపల్ గారు ఎంతవరకు వచ్చారు?"

"యోహాను సువార్త ఏడో అధ్యాయం సగం దాకా, బిషప్," అన్నాను. "నన్ను ఇంకా ముందుకి కదలనివ్వడం లేదు."