పచ్చరంగు వైపు సీటు

నేను ఒక గ్లోబును. అందరిలా పుట్టుక దగ్గర మొదలుపెట్టి నిదానంగా చెప్పుకొచ్చే ఓపిక నాకు లేదు. ముందు నవకాంత్ సంగతి తేల్చాలి. బెజవాడ ఏలూరు రోడ్డులో, మూడో అంతస్తులో, విదేశీ చదువుల ఆఫీసు పెట్టుకున్న ఆ నవకాంత్ నా ఒంటి మీద వేలు పెట్టి, నన్నే సాక్షిగా చూపించి, ఒక ఆడపిల్ల కష్టపడి తెచ్చుకున్న సీటు చెడగొట్టాడు. నోరుంటే అప్పుడే అడ్డుపడేదాన్ని. ఏడు ఖండాలూ అచ్చువేసినవాళ్లు నోరు పెట్టడం మర్చిపోయారు.

ఉత్తరాదిలో బడి సామాన్లు చేసే కార్ఖానా ఒకటి నా పుట్టిల్లు. రెండు అట్ట డిప్పలు అతికించి, నారింజ తొనల్లా కత్తిరించిన రంగుకాగితాలు వాటి మీద పరిచి, వార్నీషు పూసి, రేకు స్టాండుకి గుచ్చారు. నా మెడ మొదట్నుంచీ ఓ పక్కకి వాలే ఉంటుంది. అది చూసి వినయం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. నన్ను అచ్చువేసిన రోజుల్లో జర్మనీ రెండు ముక్కలు. పడమటి ముక్కకి గులాబీరంగు, తూర్పు ముక్కకి పచ్చరంగు వేసి, మధ్యలో నల్లగీత గీశారు. కొన్నేళ్లకే వాళ్లు గోడ కొట్టేసుకుని కలిసిపోయారు. మనుషులు మనసు మార్చుకున్నప్పుడల్లా వచ్చి మాకు కొత్త కాగితం అతికించేదెవరు? గీత నా మీద అలాగే ఉండిపోయింది.

నేను మొదట కాపురం చేసింది గన్నవరం పక్క ఒక పల్లెలో, సర్కారు బడిలో. అక్కడి సోషలు టీచరు తులశమ్మగారు ఆ గీత మీద చాక్‌పీసు రుద్ది, ఇది ఇప్పుడు లేదర్రా, పంపకాలు చేసుకున్న అన్నదమ్ములు మళ్లీ ఒక్కటయ్యారు అని ప్రతి ఏడూ చెప్పేది. పిల్లలు తిప్పీ తిప్పీ హిందూ మహాసముద్రం రంగు వెలిసిపోయింది. అదేం బాధ కాదు, అది నా వైభవం. ఆ తర్వాత ఊళ్లోకి ప్రైవేటు బడి బస్సు వచ్చింది. ఫీజు కట్టే ఇల్లు, కట్టలేని ఇల్లు అని ఊరు రెండుగా చీలింది. ఆ గీతని ఏ చాక్‌పీసూ చెరపలేకపోయింది. పిల్లలు తగ్గి తగ్గి, చివరికి బడిని పక్క ఊరి బడిలో కలిపేసి, బల్లలతో పాటు నన్నూ పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. వాడి దగ్గర్నుంచే నవకాంత్ నన్ను కొన్నాడు. తడిగుడ్డతో తుడిపించి, చాక్‌పీసు మరక పోగొట్టి, తన టేబులు మీద కూర్చోబెట్టాడు. పాతకాలపు గ్లోబు ఉంటే ఆఫీసుకి ఒక నమ్మకం వస్తుందట.

అంకమరావు ఆ ఆఫీసు మెట్లెక్కింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే మేస్త్రీ. చేతులకి ఎర్రరంగు, జేబులో టేపు. వెనకాల కూతురు ఇందుప్రియ. ఇంజనీరింగు అయిపోయి, కంప్యూటర్ సైన్సులో పై చదువుకి జర్మనీ వెళ్లాలని పట్టుదలగా ఉన్న పిల్ల.

ఆ పిల్ల చేతిలో రెండు సీట్లున్నాయి. ఒకటి నవకాంత్ తెప్పించింది, పడమటి వైపు పెద్ద నగరంలో ప్రైవేటు యూనివర్సిటీ. ఫీజు పంపితే చాలు, ప్రశ్నలేమీ లేవు. రెండోది ఎవరి సాయం లేకుండా తనే దరఖాస్తు పెట్టుకుని, తను చేసిన ప్రాజెక్టు గురించి రాసి పంపి, నెలల తరబడి ఎదురుచూసి తెచ్చుకుంది. తూర్పు వైపు చిన్న ఊళ్లో ప్రభుత్వ యూనివర్సిటీ. దానికి ఫీజు లేదు. ఖర్చులకని బ్యాంకులో వేసి చూపించాల్సిన డబ్బు మాత్రం ఉంది. అది నెలనెలా పిల్ల చేతికే తిరిగొస్తుంది, దానికి బ్యాంకువాళ్లు అప్పు కూడా ఇస్తామన్నారు. ఉన్న కాస్త మామిడితోట జోలికి పోనక్కర్లేదు.

మామూలు బుద్ధి ఉన్నవాడికి ఇందులో ఆలోచించాల్సిందేముంది అనిపిస్తుంది. అంకమరావుకి బుద్ధి తక్కువేం కాదు. కానీ ఆయన మున్సిపల్ బడిలో ఎనిమిది దాకా చదివి మానేసినవాడు. ఆ బడిలో లెక్కల అయ్యవారు వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. అందుకే కూతురు పుట్టినప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు, డబ్బు కట్టే చోటే చదివించాలని. కాన్వెంటుకి కట్టాడు, ఇంటరు హాస్టలుకి కట్టాడు, ఇంజనీరింగుకి కట్టాడు. కట్టిన ప్రతిసారీ పిల్ల ఒక మెట్టు ఎక్కింది. ఇక ఆఖరి మెట్టు ఊరికే ఎక్కొచ్చు అంటే ఆయన కాలు ఎలా లేస్తుంది?

"అది ఊరికే ఇవ్వడం కాదు నాన్నా, అక్కడి జనం పన్నులు కట్టి చదివిస్తారు. ఫీజు లేదు కాబట్టే సీటు దొరకడం కష్టం" అంది ఇందు.

"అంత దొరకనిదాన్ని ఊరికే ఎందుకిస్తారమ్మా? వాళ్లకేం పని లేదా?" అన్నాడు అంకమరావు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నవకాంత్‌కి కావలసింది ఆ సందే. గులాబీరంగు వైపు ప్రైవేటు యూనివర్సిటీ, చేర్పించిన ఒక్కో పిల్లకీ అతనికి కమీషను ఇస్తుంది. పచ్చరంగుది టీ ఖర్చులు కూడా ఇవ్వదు. ఈ ముక్క అతను తలుపేసుకుని ఫోనులో నవ్వుతూ చెప్పుకోవడం నేను చాలాసార్లు విన్నాను. మనుషులు వస్తువుల ముందు దాపరికం పాటించరు.

కుర్చీ ముందుకు జరుపుకుని, "బాబాయ్, మీరు లారీ బాడీలు కట్టే మనిషి. ఎవడో ఊరికే ఇచ్చిన చెక్కతో బాడీ కడతారా మీరు?" అన్నాడు.

అంకమరావు కట్టనన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నవకాంత్ నన్ను తిప్పి, ఆ పచ్చముక్క మీద గోరు ఆనించాడు. ఇదిగో చూడండి, మీ అమ్మాయికి వచ్చిన ఊరు ఈ వైపు, ఇది కమ్యూనిస్టుల ముక్క, అందుకే అన్నీ ఫ్రీ, మన సర్కారు బడి లాంటిదే అని వివరంగా చెప్పుకొచ్చాడు. అంకమరావు కళ్లద్దాలు పెట్టుకుని నా మీదకి వంగాడు. నల్లగీత స్పష్టంగా కనిపించింది. గీత కనపడితే ఆయనకి నమ్మకం. పొద్దున లేస్తే గీత గీసి, గీత మీద కోసి బతికే మనిషి.

"ఆ గీత నేను పుట్టకముందే పోయింది నాన్నా. అది పాత గ్లోబు" అంది ఇందు. కావాలంటే చూడమని ఫోను తీసి చూపించబోయింది.

నవకాంత్ కాదనలేదు. అదే అతని తెలివి. మెల్లగా నవ్వి, "గీత పోయిందమ్మా, నేనూ ఒప్పుకుంటాను. అలవాట్లు పోతాయా? ఆడపిల్లవి, ఆ మారుమూల ఊళ్లో తెలుగు ముఖం కనపడదు. మీ నాన్న భయం మీ నాన్నది" అన్నాడు.

అంకమరావు కూతురి ముఖంలోకి చూడలేదు. నా వైపే చూశాడు. ఇందు ఇంకో మాట అనడానికి నోరు తెరిచి, తండ్రి చేతులకున్న రంగు చూసి ఫోను బ్యాగులో పెట్టేసింది. ఆ చేతులు తన కోసం పడ్డ కష్టం ఆ పిల్లకి తెలుసు. తెలియకపోయి ఉంటే బావుండేది, ఇంకాస్త గట్టిగా పోట్లాడేది.

ప్రభుత్వ యూనివర్సిటీ వాళ్లకి ఆ సీటు వద్దని ఇందు తనే రాసింది. నా ఎదురుగా ఉన్న కంప్యూటరు మీదే, మర్యాదగా, కృతజ్ఞతలు చెప్పి మరీ. నవకాంత్ స్వీటు డబ్బా తెరిచాడు. అంకమరావు ఒక ముక్క తీసి కూతురి నోట్లో పెట్టాడు. వారం తిరక్కుండా ఇందు ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించి మెట్ల దగ్గర కట్టారు. ఆగిరిపల్లి దగ్గర అంకమరావుకున్న మామిడితోట అమ్మకానికి బేరగాళ్లను తెచ్చిందీ నవకాంతే. అందులో కూడా అతనికి ఏదో ముట్టే ఉంటుంది, పాపం ఎందుకు వదులుకుంటాడు.

ఆ తర్వాత సంగతులు అంకమరావు ఆఫీసుకొచ్చి చెప్పుకుంటుంటే విన్నాను. మొదటిసారి సంతోషంగానే వచ్చాడు. క్లాసులో సగంమంది మనవాళ్లేనట, తెలుగే వినపడుతోందట, పిల్లకి దిగులు లేదట. రెండోసారి వచ్చినప్పుడు గొంతు తగ్గింది. యూనివర్సిటీ అంటే ఒక మేడలో రెండంతస్తులట, కింద జిమ్ము ఉందట. పేరుకి కంప్యూటరు, చెప్పేది అమ్మకాలూ ఆఫీసు నిర్వహణానట. ఉద్యోగానికి వెళితే ఆ యూనివర్సిటీ పేరు చూసి పక్కన పెడుతున్నారట. పిల్ల పొద్దున గోడౌన్లో పెట్టెలు మోసి సాయంత్రం క్లాసుకి పోతోందట. కాకపోతే ఒక ఆశ ఉంది. తను వదులుకున్న యూనివర్సిటీకే మళ్లీ దరఖాస్తు పెట్టిందట. ఈసారి రానీ, నేనే దగ్గరుండి చేర్పిస్తా అన్నాడు అంకమరావు, నవకాంత్ వైపు చూడకుండా.

మూడోసారి వచ్చేసరికి ఆఫీసు ఖాళీ చేస్తున్నారు. కుర్చీలు ఆటోలోకి ఎక్కుతున్నాయి. అంకమరావు మెట్ల మీద అడ్డంగా నిలబడి, నా కూతురికి చెప్పిందేమిటి, చేసిందేమిటి అని అడిగాడు. నవకాంత్ ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే, "నేను రెండు దారులూ చూపించాను బాబాయ్. ఎంచుకుంది మీరు" అన్నాడు.

అంకమరావు మెట్లెక్కి లోపలికి వచ్చాడు. చుట్టూ చూసి, టేబులు మీద మిగిలిన నన్ను చంకన పెట్టుకుని దిగిపోయాడు. తీసుకెళ్లండి, ఎలాగూ పాతది అని వెనక నుంచి నవకాంత్ గొంతు వినపడింది.

ఇప్పుడు ఆటోనగర్ షెడ్డులో, పనిముట్ల అలమార మీద నా బతుకు. రంపపు పొట్టు పడి ధ్రువాలూ ఎడారులూ ఒకటైపోయాయి. ఒకరోజు అన్నం వేళ, అంకమరావు క్యారేజీ విప్పుకుని కూర్చుంటే ఇందు ఫోను చేసింది. స్పీకరు పెట్టాడు.

"ఈసారి రాలేదు నాన్నా" అంది.

ఎందుకు రాలేదని అడిగాడు. కారణం చెప్పరు, ఈ ఏడు నాకంటే బాగా చేసినవాళ్లు వచ్చి ఉంటారు అంది. వచ్చే ఏడు మళ్లీ పెట్టమ్మా అన్నాడు. చదువు మార్చుకోవడానికి వీసావాళ్లు ఇచ్చే గడువు ఈ ఏడుతో అయిపోతోంది, ఇక ఆ సీటు నాది కాదులే నాన్నా అంది. అలా అని, ఏం కూర అని అడిగింది. ఆయన క్యారేజీలోకి చూసి, నువ్వు తిన్నావా అన్నాడు.

ఆ సాయంత్రమే ఒక లారీ ఓనరు బాడీ చూసుకోవడానికి వచ్చాడు. వాళ్లబ్బాయి కూడా బయటి దేశం చదువుకి సిద్ధమవుతున్నాడట. ఏవో రెండు యూనివర్సిటీలు చెప్పారు, ఏది ఎంచుకోవాలో తెలీక తల పట్టుకున్నాం అని చెప్పుకొచ్చి, "మీ అమ్మాయి చదువుకి ఎంతయింది మేస్త్రీ?" అని అడిగాడు.

అంకమరావు చేతిలో బ్రష్షు పక్కన పెట్టాడు. లక్షల్లో చెబుతాడనుకున్నాను.

"మామిడితోట, అరవై రెండు సెంట్లు."